రెండోసారి పెట్టిన గ్రామసభ

సూర్యాపేటలో నాకు దొరికిన ఉద్యోగం ఏమిటో మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా అవస్థ పడ్డాను. అమ్మ కోదాడలో ఉంటుంది. ఫోన్లో "సర్వేనా?" అని అడిగింది. కాదన్నాను. "మరి జనాభా లెక్కలా?" అదీ కాదన్నాను. ఊళ్లో రోడ్డు వేయాలన్నా, నీళ్ల ట్యాంకు కట్టాలన్నా గ్రామసభ పెడతారు కదా, అందులో జనం నిజంగా మాట్లాడారా, వాళ్ల మాట ఎవరైనా విన్నారా అని చూసి రాయడం నా పని అని చెప్పాను.

"మాట్లాడారో లేదో చూడ్డానికి కూడా జీతమిస్తారుటే?" అంది అమ్మ. ఇచ్చినందుకు సంతోషమే గానీ అన్నట్టు నవ్వి, కూర మాడుతుందని ఫోన్ పెట్టేసింది.

నేను పుట్టింది కోదాడ, మెట్టినిల్లు మిర్యాలగూడ. మా ఆయన అక్కడ ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. వారమంతా సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని, శనివారం సాయంత్రం మిర్యాలగూడ బస్సు ఎక్కేదాన్ని. మా ఆఫీసంటే మేడ మీద చిన్న జాగా, మేం రాసినవి అక్కడి నుంచి మండలం ఆఫీసులకు వెళ్లేవి. మాకు పెద్ద దిక్కు ఒక రిటైరైన లెక్చరర్. మేమంతా ఆయన్ని సార్ అనేవాళ్లం. ఆయన నన్ను "అమ్మా" అని పిలిచేవాడు, తప్పు పట్టేటప్పుడు కూడా.

నాకు అప్పగించిన ఊళ్లలో ఒకటి గరిడేపల్లి అవతల కాలువ గట్టున ఉంది. ఊరికి ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క సాగర్ కాలువ నుంచి చీలిన పిల్ల కాలువ. ఆ కాలువ దాటితే తండా. ఊరూ తండా కలిపి ఒకే పంచాయతీ. తండావాళ్లు ఇళ్లలో లంబాడీ మాట్లాడుకుంటారు, కాలువ దాటగానే తెలుగులోకి మారతారు. మారడం మనకు వినబడదు కూడా, అంత అలవాటు.

ఆ ఊరికి దవాఖాన భవనం మంజూరైంది. అప్పటిదాకా నర్సమ్మ స్కూలు వరండాలో కుర్చీ వేసుకుని సూదులేసేది. వాన వస్తే కుర్చీ లోపలికి, సూదులు రేపటికి. జాగ ఎక్కడ అన్నది తేల్చడానికి గ్రామసభ పెట్టారు. పంచాయతీ ఆఫీసు పక్కన రోడ్డు మీదున్న, వెనక కాలువ గట్టు దాకా వెళ్లే ఖాళీ స్థలం బాగుందన్నారు, అందరూ సరేనన్నారు. నేను వెళ్లేసరికి సున్నంతో ముగ్గు పోసి గోడలెక్కడ వస్తాయో గీసి పెట్టారు.

సర్పంచ్ యాభై దాటిన రైతు. నన్ను ఆ ముగ్గు గీతల మధ్య తిప్పి, "గిది నర్సమ్మ రూము, గిది మందుల రూము, గీడ కాన్పయినోళ్లు పండుకుంటరు" అని చూపించాడు. అప్పటికే గోడలు లేచినట్టూ, లోపల మంచాలు పడ్డట్టూ చెప్పాడు. ఆ మంజూరు కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కాడో, ఎంతమంది చేత "రేపు రా" అనిపించుకున్నాడో చెప్తుంటే ఆయన మీద గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది.

"సభకు తండావాళ్లు వచ్చారా?" అని అడిగాను.

"రాకపోవుడేంది మేడం? ఆడోళ్లు మస్తుమంది వచ్చిండ్రు. అందరు ఒప్పుకున్నంకనే జాగ ఖాయం జేసినం."

తండాకు నడిచి వెళ్లాను. నాట్ల కాలం. ఇళ్లకు తాళాలు లేవు గానీ మనుషులూ లేరు. ఒక ఇంటి ముందు ఒక ముసలమ్మ మనవరాలికి తల దువ్వుతూ కూర్చుంది. నేను నీడలో కూర్చుని, ఎందుకొచ్చానో చెప్పాను.

"మీది ఆంధ్రానా బిడ్డా?" అంది.

"కోదాడ అవ్వా."

"అట్లనా. గాడికే భాష మారుతదా?" అని నవ్వింది. తర్వాత సభ గురించి అడిగితే చెప్పింది. "పోయినం. కూసున్నం. చాయ్ ఇచ్చిండ్రు, తాగినం. వచ్చినం."

"ఏమీ మాట్లాడలేదా?"

"మైకు ఆళ్ల చేతిల ఉండె. జాగ మంచిగున్నదా అంటే మంచిగున్నదన్నరు. చేతులెత్తుండ్రి అంటే ఎత్తినం. గంతే."

"నిన్ను అడిగితే ఏం చెప్పేదానివి? దవాఖాన ఎక్కడుండాలని?"

ఆమె దువ్వెన ఆపి నన్ను చూసింది. "నీకు జెప్తే నువ్వు రాసుకొని బస్సెక్కుతవ్. అడిగేటోళ్లు అడిగితే జెప్త."

సాయంత్రం నాట్ల నుంచి వచ్చిన ఆడవాళ్లనూ అడిగాను. అందరి మాటా దాదాపు అదే. కోపంగా ఎవరూ లేరు. సభ అంటే పిలిచినప్పుడు వెళ్లి కూర్చుని రావడం అని వాళ్లకు అలవాటైపోయింది. పెళ్లికి పిలిస్తే వెళ్లినట్టు, వెళ్లకపోతే బాగుండదని. మాట్లాడే పని పెళ్లి పెద్దలది.

సూర్యాపేటకు వచ్చి ఉన్నదున్నట్టు రాశాను. జనం వచ్చారు, కానీ పాలుపంచుకోలేదు. రెండూ ఒకటి కాదు. జాగ విషయంలో తండా ఆడవాళ్ల మాట ఒక్కటి కూడా వినబడలేదు. వాళ్లకు వీలైన వేళ మళ్లీ ఒకసారి కూర్చుని అడిగితే మంచిది. సార్ చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పైకి పంపితే ఏమయితదో తెలుసా అమ్మా?"

"తప్పు రాశానా సార్?"

"తప్పు రాస్తే నేనే దిద్దేటోణ్ని. నిజం రాసినవ్. దీని మీద ఎవరన్న కదిలితే ఏమయితదో అని ఆలోచిస్తున్న." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "పంపు," అన్నాడు.

కదిలారు. మండలం నుంచి పంచాయతీకి కబురు వెళ్లింది: మళ్లీ గ్రామసభ పెట్టండి, అది అయ్యేదాకా పని మొదలుపెట్టొద్దు. ఆ మరునాడు పొద్దున్నే సర్పంచ్ ఫోన్ చేశాడు.

"మేడం, నేను మీకేం అన్యాయం జేసిన?"

గది తలుపు దగ్గరికి వేసి విన్నాను.

"ఇన్నేండ్లకు ఊరికి ఒక దవాఖాన వస్తుంటె, మీరు రాసిన రెండు ముక్కలకు పని బంద్ పెట్టిండ్రు. టైముకు మొదలుపెట్టకపోతే మంజూరు వేరే ఊరికి పోతదట. పోతే ఎవరు తెస్తరు? మీరు తెస్తరా?" అరవలేదు. అరిచినా బాగుండేది. గొంతు బొంగురుపోయి ఉంది. "తండాల పెట్టాలంటే పెట్టుండ్రి. ఊరోళ్లు ఒప్పుకోరు. ఊర్ల అంటే తండోళ్లు ఇప్పుడు ఒప్పుకోరు. లొల్లి అయితది. దవాఖాన పోతది. ఆఖరికి ఆ వరండాలనే సూదులు."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. రాసింది నిజమే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ వరండాలో కుర్చీయే కళ్ల ముందు కనబడేది. నిజం చెప్పడం వల్ల ఒక ఊరికి దవాఖాన పోతే ఆ నిజాన్ని ఏం చేసుకోవాలి? ఆ శనివారం మిర్యాలగూడ వెళ్లాను. మా ఆయన మిల్లు నుంచి వచ్చి, తల మీది తౌడు దులుపుకుంటూ నా మొహం చూసి ఏమైందన్నాడు. చెప్పాను.

"నువ్వు ఆపమన్నవా?" అన్నాడు.

"లేదు. అడగమన్నాను."

"మరి అడగనీ. అడిగితేనే లొల్లి అయితదంటే ఆ లొల్లి ఇప్పటిదాక లోపలున్నట్టే గదా?"

ఓదార్పుగా అన్నాడు గానీ నాకు గుబులు తగ్గలేదు. అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ వాళ్ల వార్డులో ఆ వారమే మురుగు కాలువ గురించి మీటింగు పెట్టారట. "నన్ను కూడా అడిగారే. బాగుందండీ అన్నాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, బాగాలేదని! అది మన ఇంటి వైపు వాలుగా తవ్వుతారట. అక్కడ అంతమందిలో నోరు పెగల్దే. మళ్లీ అడుగుతారంటావా?"

చాలా రోజుల తర్వాత నవ్వాను. నవ్వాక కొంచెం ధైర్యం కూడా వచ్చింది. మళ్లీ అడిగితే చెప్పడానికి మా అమ్మ దగ్గర మాట ఉంది. తండాలో ముసలమ్మ దగ్గరా ఉంది.

రెండో గ్రామసభ సాయంత్రం పెట్టారు, నాట్ల నుంచి మనుషులు తిరిగొచ్చే వేళకు. స్కూలు ఆవరణలో షామియానా కట్టారు. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. సార్ కూడా నాతో వచ్చాడు. సర్పంచ్ మాకు కుర్చీలు వేయించాడు, చాయ్ ఇప్పించాడు, నా వైపు మాత్రం చూడలేదు. ఊరివాళ్లు ముందే వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. కొందరు నన్ను చూసి గుసగుసలాడుకుంటున్నారు. తండా నుంచి ఒక్కరూ లేరు.

వాళ్లు రాకపోతే నేను రాసిందంతా ఉత్త మాట అవుతుంది. వస్తే సర్పంచ్ చెప్పిన లొల్లి అవుతుంది. రెంటిలో దేనికి భయపడాలో తెలియక కాలువ వైపే చూస్తూ కూర్చున్నాను.

వచ్చారు. నేరుగా పొలాల నుంచే వచ్చారు. పిక్కల దాకా బురద ఆరి తెల్లగా అయింది, కొంగులు నడుముకు చుట్టి ఉన్నాయి. ముసలమ్మ అందరికంటే వెనక, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. షామియానా కింద చాప మీద కూర్చోమంటే బురద కాళ్లని బయటే నిలబడ్డారు. అప్పుడు నర్సమ్మ లేచింది. ఆమె నల్గొండ వైపు మనిషి, రోజూ బస్సులో వచ్చిపోతుంది. "బురదకేం గాదు, లోపలికి రండ్రి. మీ కాళ్లు నేను సూడనియా?" అని చేయి పట్టి ముందు వరసలో కూర్చోబెట్టింది.

సర్పంచ్ మైకు తీసుకుని మొదలుపెట్టాడు. దవాఖాన ఎంత కష్టపడి తెచ్చిందీ మళ్లీ చెప్పాడు. మైకు కీచుమంది. నర్సమ్మ కూర్చున్న చోటు నుంచే అంది, "సర్పంచ్ సాబ్, అది పక్కకు పెట్టుండ్రి. ఇంత దగ్గర కూసొని మైకు ఎందుకు?"

ఆయన మైకు బల్ల మీద పెట్టి, కుర్చీ వదిలి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ముసలమ్మ వైపు తిరిగి, "అవ్వా, నువ్వే జెప్పు. దవాఖాన యాడ గావాలె? తండాలనా, ఊర్లనా?" అన్నాడు. గొంతులో ఇంకా కారం ఉంది.

ముసలమ్మ పక్కకు తిరిగింది. పక్కనున్న ఆడవాళ్లతో లంబాడీలో మాట్లాడింది. వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. ఒకామె చేయి ఊపి ఏదో గట్టిగా అంది, ఇంకొకామె కాదంది. ఊరివాళ్ల వైపు గుసగుసలు ఆగిపోయాయి. సర్పంచ్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుచూశాడు.

"ఊర్లనే ఉండనీ," అంది ముసలమ్మ.

సర్పంచ్ తనకు సరిగ్గా వినబడిందా అన్నట్టు ముందుకు వంగాడు.

"తండాల పెడితే నర్సమ్మ పొద్దుగూకేదాక ఒక్కతే ఉంటదా? బస్సు దిగేది ఈడ. నర్సమ్మ లేని బిల్డింగ్ మాకెందుకు, మేకలు గట్టుకోనీకా?"

ఊరి ఆడవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. సర్పంచ్ వెనక్కి జరిగి కూర్చున్నాడు. "అయితే అదే జాగ గదా అవ్వా? మరి ఇదంతా ఎందుకు?"

"జాగ అదే. గేటు అది గాదు," అంది ముసలమ్మ.

అప్పుడు మాట బయటికొచ్చింది. రోడ్డుకు అవతల పక్క, ముగ్గు గీసిన గేటుకు సరిగ్గా ఎదురుగా, కల్లు దుకాణం ఉంది. ముగ్గు గీతల మధ్య నేను తిరిగింది పొద్దున పూట, దుకాణం తెరవకముందు; తిరుగుదారిలో తండా నుంచి గట్టు మీదుగానే స్టాపుకు వెళ్లాను. అందుకే నాకు అది ఒక ఖాళీ పాకలాగే కనబడింది. మధ్యాహ్నం దాటితే అక్కడ మగవాళ్లు గుంపులుగా కూర్చుంటారు. ఆ సాయంత్రం కూడా వాళ్ల అరుపులు షామియానా దాకా వినబడుతున్నాయి. తండా ఆడవాళ్లు పని దిగి వచ్చేది ఆ వేళకే.

"కడుపుతోటి ఉన్నోళ్లు ఆళ్ల ముంగట నుంచి పోవాల్నా? ఇగ ఎవరు వస్తరు?" అంది ఇందాక గట్టిగా వాదించిన ఆమె. "కాలువ దిక్కు గేటు పెట్టుండ్రి. గట్టు మీద నుంచి నడిచి వస్తం. నర్సమ్మ జర పొద్దుగూకేదాక ఉంటే సాలు."

ఇది తండా సంగతి అనుకున్నాను నేను. కాదు. ఊరి ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచి, "మాకు గూడ గంతే. మా కోడలు ఆ దారి పోను అంటది. చుట్టు తిరిగి పోతది" అంది. ఇంకొకామె అందుకుంది. అంతదాకా ఊరు ఒక మాట, తండా ఒక మాట అన్నట్టున్న చోట ఇప్పుడు ఆడవాళ్లంతా ఒక మాట అయిపోయారు. అందరి వెనక కూర్చున్న ఒకావిడ, తల మీద కొంగు సర్దుకుంటూ, "నేను ఇంట్ల రోజు జెప్తనే ఉన్న. ఇనేటోళ్లెవరు?" అంది.

ఆమె సర్పంచ్ భార్య. షామియానా అంతా ఒక్కసారిగా నవ్వింది. సర్పంచ్ తల వంచుకుని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడడం అదే మొదలు.

అంతటితో తేలిపోలేదు. మగవాళ్లలో ఒకాయన అభ్యంతరం చెప్పాడు. కాలువ వైపు పెద్ద పెంటకుప్ప ఉంది, అటు గేటు పెడితే దవాఖానకు ముక్కు మూసుకుని రావాలి అన్నాడు. నిజమే. అందరూ ఆలోచనలో పడ్డారు.

"ఆ కుప్ప ఎవరిది?" అని సార్ అడిగాడు.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి సర్పంచే గొంతు సవరించుకుని, "నాదే," అన్నాడు. ఈసారి ఆయన భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. "నాట్లు కాంగనే ఎత్తిస్త," అన్నాడు. "నాట్లు కాంగనే గాదు, ముందుగాల్నే," అంది ముసలమ్మ. సరేనన్నాడు.

నర్సమ్మ తన మాటా చెప్పింది. పొద్దుగూకేదాకా ఉండడానికి తనకు అభ్యంతరం లేదు, కానీ ఆఖరి బస్సు దాకా ఎవరైనా తోడుగా స్టాపులో ఉండాలి, పొద్దున ఆలస్యంగా వస్తే ఎవరూ అడగొద్దు. ఊరి ఆడవాళ్లు స్టాపు పక్కింటివాళ్లను చూపించి బాధ్యత అప్పగించారు. పొద్దుటి వేళ మార్చడానికి పైవాళ్లతో మాట్లాడతానని సర్పంచ్ ఒప్పుకున్నాడు. పంచాయతీ సెక్రటరీ ఇదంతా తీర్మానంగా రాసి చదివి వినిపించాడు. "గేటు కాలువ వైపు" అన్న మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. చదివాడు. చేతులెత్తమన్నప్పుడు కొందరు ఎత్తారు, కొందరు తమలో తాము మాట్లాడుకుంటూ మరిచిపోయారు.

అంతలో వాన మొదలైంది. చినుకులకు భయపడి ఎవరూ లేవలేదు.

బయల్దేరేటప్పుడు సర్పంచ్ మా దగ్గరికి వచ్చాడు. ఏమంటాడో అని నిలబడిపోయాను. "మేడం, ఆ రోజు ఫోన్ల జర గట్టిగ మాట్లాడిన," అన్నాడు.

"మీరు గట్టిగా మాట్లాడలేదు. అదే భయమేసింది," అన్నాను.

"మంజూరు పోదట. పొద్దుగాల్నే మండలంల అడిగిన. ఇయ్యాల తీర్మానం అయితే ఈ వారంల పని మొదలుపెట్టుకోవచ్చన్నరు." ఈ మాట ఆయనకు పొద్దున్నే తెలుసు. నాకు చెప్పకుండా సాయంత్రందాకా ఉంచాడు. నాకు కోపం రాలేదు. నేను పెట్టిన గుబులులో కొంత నాకు వాపసు ఇచ్చాడు, సరిపోయింది.

గరిడేపల్లిలో సూర్యాపేట బస్సు ఎక్కి కూర్చున్నాక ఒళ్లంతా వదులైపోయింది. ఎన్నాళ్లుగానో భుజాలు బిగబట్టుకుని ఉన్నానని అవి దిగాకే తెలిసింది. సార్ పక్క సీట్లో నుంచి, "ఇప్పుడు ఏం రాస్తవ్ అమ్మా? అడగకముందు అదే జాగ, అడిగినంక అదే జాగ. పైవాళ్లు చూసి, మరి ఏం మారిందంటే?" అన్నాడు.

"గేటు మారింది సార్."

"అంతేనా?"

ఆలోచించాను. మొదటి సభలో ఆ జాగ పంచాయతీ వాళ్లది, మిగతావాళ్లు చేతులెత్తారు. ఇప్పుడు అది ఆ చేతులెత్తినవాళ్లదే. దీన్ని రిపోర్టులో ఏ గడిలో రాయాలో నాకు తెలియదు. ఆ మాటే సార్‌తో అన్నాను. జవాబు వచ్చిందో లేదో గుర్తు లేదు, నిద్రపోయాను. బస్టాండులో కండక్టరమ్మ భుజం తట్టి, "దిగుండ్రి మేడం, సూర్యాపేట వచ్చింది" అంటే గానీ మెలకువ రాలేదు.

తర్వాత చలికాలంలో అటు పని పడి ఒక సాయంత్రం ఆ ఊళ్లో దిగాను. దవాఖాన గోడలకు సున్నం కొత్తగా మెరుస్తోంది. గేటు కాలువ వైపే ఉంది. లోపల బెంచీ నిండా ఆడవాళ్లు, పత్తి తీసి వచ్చినట్టున్నారు, చీరలకు దూది అంటుకుని ఉంది. నర్సమ్మ ఒక బాలింతకు మందు ఎలా వేసుకోవాలో చెప్తూ, నన్ను చూసి కళ్లతోనే పలకరించింది.

బయట గట్టు మీద సర్పంచ్ నలుగురైదుగురు ఆడవాళ్ల మధ్య చిక్కుకుని ఉన్నాడు. లైటు స్తంభం ఎక్కడ వేయాలన్నది గొడవ. ఆయన ఒక చోటు చూపిస్తుంటే వాళ్లు ఇంకో చోటు చూపిస్తున్నారు. "సూడుండ్రి మేడం," అన్నాడు నన్ను చూసి, "ఇప్పుడు బల్బు పెట్టాలన్నా సభ పెట్టు అంటున్నరు. మీరన్న జెప్పుండ్రి."

నేను చెప్పలేదు. చెప్పే లోపే వాళ్లు మళ్లీ వాదనలో పడ్డారు, నేనున్నానన్న సంగతే మరిచిపోయారు. కాసేపు నిలబడి విన్నాను. తర్వాత స్టాపు దగ్గరికి నడిచి, చాయ్ తాగి, బస్సు కోసం కూర్చున్నాను.